ఒక్క రింగు

డాక్టర్ కోరాడ నళినీకాంత్ పదిమంది ముందు నన్ను తొమ్మిదో తరగతి తప్పినవాడన్నాడు. నేను తప్పలేదు. మానేశాను. మా నాన్న పోయిన ఏడాది అర్ధసంవత్సరం పరీక్షలకి ముందు బడి మానేసి, అత్తిలి బస్టాండు వెనక రేడియోలు బాగుచేసే దుకాణంలో చేరాను. ఈ తేడా ఆయనకి అక్కర్లేదు. ఆయన పేరు వెనక నాలుగు డిగ్రీలున్నాయి. ఆయన కనిపెట్టినదాని గురించి పేపర్లలో రాశారు. ప్రతి పేపర్లోనూ నా భార్య నడుస్తున్న ఫోటో వేశారు. ఆమె పేరు మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఆమె పేరు మంగతాయారు.

నలభై మూడో ఏట తాయారుకి కాళ్ళు ఆగిపోవడం మొదలైంది. నొప్పి లేదు, నీరసం లేదు. వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వస్తూ వస్తూ గుమ్మం దగ్గర నిలబడిపోయేది. పాదాలు గచ్చుకి అతుక్కున్నట్టు ఉండేవి. నేను వెనకనుంచి తొయ్యాలి, లేదా ముందు నిలబడి చెయ్యి పట్టుకు లాగాలి.

"గుమ్మం దాటడం ఎలాగో మర్చిపోయానండి," అని నవ్వేది. "పిల్లలుంటే వాళ్ళకి నేర్పుతూ నేనూ నేర్చుకుందును."

మాకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ ఇల్లు, నా దుకాణం, తాయారుకి పుట్టింటివాళ్ళు ఇచ్చిన కాస్త పల్లం చేను.

పెద్దాసుపత్రిలో, అడుగు తరవాత అడుగు లెక్కపెట్టే భాగం ఒకటి మెదడులో చచ్చిపోతోందన్నారు. మందులు రెండేళ్ళు పనిచేశాయి. తరవాత అక్కడివాళ్ళే విశాఖపట్నం పంపారు. సముద్రం కనబడే మూడంతస్తుల మేడ అది. ప్రయోగం కాబట్టి డబ్బు అక్కర్లేదన్నారు. డబ్బు అక్కర్లేదు అన్నచోట ఇంకేం అడుగుతారో నేను ఆలోచించుకోవాల్సింది.

అక్కడ పనిచేసే హైమావతి అనే అమ్మాయి తాయారు చీలమండకి బిళ్ళలాంటిది అంటించింది. డాక్టర్ నళినీకాంత్ అగ్గిపెట్టె అంత పెట్టె ఒకటి చూపించాడు. పైన ఒకే మీట, పక్కన ఇయర్‌ఫోన్లు పెట్టే కన్నం. తెర లేదు.

"ఈవిడకి జబ్బు రాకముందు బాగా తెలిసిన పాట ఏదైనా ఉందా?" అన్నాడు.

నా దగ్గర క్యాసెట్టు ఉంది. పెళ్ళయిన ఏడాది ఆ పల్లంలో ఊడ్పులప్పుడు తాయారు ఆడవాళ్ళతో కలిసి పాడుతుంటే, దుకాణంలో బాగుచెయ్యడానికి వచ్చిన ఎవరిదో టేపురికార్డరు గట్టుమీద పెట్టి పట్టాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. నడుమ బురదలో కాళ్ళ చప్పుడు, ఎవరో ముసలాయన దగ్గు.

"పాటలు ఫోన్లో కూడా వస్తాయి కదండీ, ఈ పెట్టెందుకు?" అన్నాను.

ఆయన అప్పుడు చెప్పిన జవాబు నాకు అక్షరం మర్చిపోకుండా గుర్తుంది. "ఫోను పనికిరాదు. దానికి వంద పనులు. దీనికి ఒకటే పని."

పాట పెట్టెలోకి ఎక్కించారు. తాయారుని గుమ్మం ముందు నిలబెట్టారు. ఎప్పటిలాగే ఆగిపోయింది. హైమావతి మీట నొక్కింది. ఒక పది క్షణాలు ఏమీ లేదు. తరవాత తాయారు కుడికాలు లేచి గుమ్మం అవతల పడింది. దాని వెనక ఎడమది. ఆమె వరండా చివరిదాకా వెళ్ళి, సముద్రం చూసి, తనంతట తను వెనక్కి తిరిగి వచ్చింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఎవరో నాకన్నా ముందు నడుస్తున్నట్టుందండి. నేనే."

నేను రిపేరువాణ్ణి కాబట్టి నాకు తెలిసినట్టు చెబుతాను. బయటివాళ్ళు వింటే అది మామూలు పాటే. చీలమండ దగ్గర బిళ్ళ ఆమె పాదం ఎప్పుడు తడబడబోతోందో పెట్టెకి చెబుతుంది. పెట్టె పాటలోని తాళాన్ని ఆమె అడుగుకన్నా వెంట్రుకవాసి ముందుకి జరుపుతుంది. చచ్చిన లెక్కని బతికున్న గొంతు చెబుతుందన్నమాట. రోజులు గడిచేకొద్దీ ఏ మెట్టు దగ్గర ఆమెకి భయమో, ఏ మలుపు దగ్గర జంకుతుందో పెట్టె నేర్చుకుని దాచుకుంటుంది.

*

మా ఇంటికీ దుకాణానికీ మధ్య కాలవ ఉంది. దాని మీద ఇద్దరు పక్కపక్కన నడవగలిగిన చిన్న వంతెన. పూర్వం రోజూ పన్నెండున్నరకి నేను ఇంటికి మిస్డ్‌కాల్ ఇచ్చేవాణ్ణి. ఒక్క రింగు ఇస్తే, ఆకలేస్తోంది, కేరేజీ పట్టుకుని బయలుదేరు అని. రెండు ఇస్తే పనుంది, ఆగు అని. మూడయితేనే ఎత్తడం. మాలాంటి ఇళ్ళల్లో ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. కాల్‌కి డబ్బులు పడటం పోయాక కూడా మేం దాన్ని మానలేదు. అలవాటు వేలికే పట్టేసింది. జబ్బు వచ్చాక ఆ రింగుతో పని లేకపోయింది. అన్నం నేనే పొద్దున్నే వండుకుని తెచ్చుకునేవాణ్ణి.

పెట్టె వచ్చిన నెలకి, ఒక మధ్యాహ్నం నేను టంకం పెడుతూ తలెత్తి చూస్తే దుకాణం మెట్లమీద తాయారు ఉంది, చేతిలో కేరేజీ.

"ఎవరు తీసుకొచ్చారే?"

"ఎవరు తెస్తారు? నా పాటే తెచ్చింది. ఆనపకాయ పులుసు తొణికింది, తిట్టకండి."

ఆమె ఫోను ఇంట్లో వదిలేసి పెట్టె ఒక్కటే పెట్టుకుని వచ్చేది. చెవిలో ఆ పాట ఉన్నంతసేపూ ఊళ్ళో ఎవరూ ఆమెని పిలవలేరు. మీట అరిగిపోతే పాత టేపురికార్డరు నుంచి ఎర్రటి రికార్డు మీట పీకి, అరగదీసి అతికించాను.

"రికార్డు మీట పెట్టారేంటండీ? మళ్ళీ నన్ను టేపులో పడతారా?" అంది.

"ఈ గొంతు ఎవడికి కావాలే ఇప్పుడు."

"అందుకేగా పాతది వింటున్నాను."

ఐదో నెలలో నాకు మొదటి భయం పట్టుకుంది. చార్జింగుకి పెట్టె తీసినప్పుడు పూర్వం గుమ్మం దగ్గర ఆగేది కదా, ఇప్పుడు చెంచా నోటిదాకా తెచ్చి ఆగిపోతోంది. ఎక్కడ ఆగితే అక్కడ ఊపిరి కూడా సగంలో నిలబడుతోంది. పెట్టె తగిలిస్తే గట్టిగా ఒక ఊపిరి తీసుకుని మళ్ళీ మనిషయ్యేది. విశాఖ వెళ్ళినప్పుడు హైమావతితో చెప్పాను.

ఆ పిల్ల తలుపు వేసి వచ్చింది. "బాబాయిగారూ, మిగతావాళ్ళకి కూడా ఇలాగే ఉంది. పెట్టె లెక్క చెప్తుంటే లోపల మిగిలిన కాస్త లెక్క పనిమానేస్తోంది. నేను రాసిచ్చాను. సార్ చూద్దామన్నారు. మీరు మాత్రం ఆవిడ నడుస్తున్నప్పుడు ఎప్పుడూ ఆపకండి."

"ఇంకో పెట్టె ఇప్పించమ్మా. ఒకటి చార్జింగులో ఉంటే ఇంకోటి వాడుకుంటాం."

"మనిషికి ఒకటేనండి. అడిగి చూశాను."

*

తొమ్మిదో నెలలో జబ్బు మనుషుల్నీ ఇంటివాళ్ళనీ అందరినీ పిలిచి హాల్లో కూర్చోబెట్టారు. ప్రయోగంలోకి డబ్బు పెట్టిన కంపెనీ తాలూకు మనిషి ఒకడు వచ్చాడు. ఇకనుంచి పెట్టెలు ఉండవు, అదంతా ఫోన్లోకి వచ్చేసింది, ఫోను అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి రెండు వస్తువులు మొయ్యక్కర్లేదు అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"అయ్యా, ఫోను పనికిరాదని మీరే చెప్పారు కదండీ," అన్నాను డాక్టరుతో.

"అది అప్పుడు."

"ఇప్పుడు ఫోనుకి వంద పనులు తగ్గాయా అండి? పెట్టెలోకి ఎవడూ రాలేడు. ఫోనంటే రోడ్డుమీదకి తలుపు తీసి పెట్టుకోవడమేనండి. ఎవడో పిలుస్తాడు, ఏదో మోగుతుంది, పాట ఆగుతుంది."

"రెండు సెకన్లు ఆగి మళ్ళీ దానంతట అదే మొదలవుతుంది. రెండు సెకన్లు ఊపిరి బిగబట్టలేరా మీరు? ఎంతవరకూ చదివావు?"

"తొమ్మిది. మధ్యలో..."

"తొమ్మిది తప్పినాయన మనకి సిగ్నల్ పాఠం చెప్తున్నాడు," అన్నాడు కంపెనీ మనిషితో. ఆ నవ్వు ముందు వరసల్లో మొదలై వెనక్కి వచ్చింది. నా పక్కన తాయారు నవ్వలేదు.

పెట్టె వెనక్కి ఇవ్వనివాళ్ళకి ఇక మందులు లేవు, పరీక్షలు లేవు అన్నారు. నేను ఇచ్చేశాను. దీన్ని ఎవరిమీదా తొయ్యలేను. బల్లమీద పెట్టమంటే తాయారు పెట్టెని గుప్పిట్లోంచి వదల్లేదు.

"ఏవండీ, నా నడకంతా ఇందులోనే ఉందికదా. ఇచ్చేస్తే ఎలా?"

"ఫోన్లోకి ఎక్కిస్తారంటే," అన్నాను. అన్నాను గానీ నేను నమ్మలేదు.

హైమావతి ఫోనులో అన్ని కాల్సూ మూసేసింది. కానీ రూలు ప్రకారం ఒక నంబరు తెరిచి ఉంచాలట, ఆపద వస్తే పనికొస్తుందని.

"మీ నంబరు పెట్టానండి. మీరు చెయ్యకుండా ఉంటే చాలు."

"నేనెందుకు చేస్తానమ్మా," అన్నాను.

*

మూడు వారాలు గడిచాయి. మొదట్లో తాయారు తూలింది. ఫోను మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటోంది మరి. తరవాత సర్దుకుంది. ఫోను బరువుకి జాకెట్టు లాగుతోందని ఒక గుడ్డసంచి కుట్టుకుని మెడలో వేసుకుంది.

శ్రావణమాసం, శుక్రవారం. దుకాణంలో ఒక పాత ఆంప్లిఫయర్ నన్ను పొద్దుటినుంచీ ఏడిపిస్తోంది. తాయారు ఎప్పుడూ పన్నెండు నలభైకల్లా వస్తుంది. ఒంటిగంట అయింది. ఆకలికి చిరాకేసి మనసులోనే తిట్టాను. ఫోను చేద్దామని తీసి, చేస్తే పాట ఆగుతుందని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేశాను. ఒంటిగంటా ఇరవైకి తాళం వేసి బయలుదేరాను.

వంతెన నడిమధ్యలో నిలబడి ఉంది. ఎడంచేతిలో కేరేజీ. కుడికాలు మడమ లేచి, వేళ్ళు నేలకి ఆని ఉన్నాయి. తల కాస్త వంచి మెడలోని ఫోను వైపు చూస్తోంది. సైకిళ్ళు చెరో పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. గడ్డిమోపు ఎత్తుకున్నావిడ ఆమెని రాసుకుంటూ దాటింది.

"తప్పుకోవమ్మా, ఆ పాటలేవో ఇంటికాడ వినొచ్చుగా," అనడం నేను విన్నాను.

దగ్గరికి వెళ్ళాను. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నీళ్ళు కారి, చెంపలమీద ఎండి, మళ్ళీ కారుతున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. సంచిలోంచి ఫోను పైకి తీశాను. తెరమీద తెల్లటి చదరం ఒకటి వెలుగుతోంది. అందులో ఇలా ఉంది: పాట కొనసాగించాలా? కింద అవును, కాదు.

అవును మీద నొక్కాను. పాట వచ్చింది. మడమ నేలకి దిగింది. ఒక్క అడుగు కూడా వెయ్యకుండా మోకాళ్ళమీద కూలబడింది. కేరేజీ గిన్నెలు విడిపోయి కాలవలోకి దొర్లాయి.

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉందండి," అన్నాడు వంతెన చివర పుచ్చకాయలమ్మే అతను, పరిగెత్తుకొచ్చి. "ముప్పావుగంట పైనే ఉంటుంది. ఫోన్లో ఉందనుకున్నామండి. ఈ రోజుల్లో అందరూ అలాగే నిలబడతారు కదండీ. మేం ఎలా అనుకుంటాం చెప్పండి."

పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. సగం సగం ఊపిరితో అంతసేపు ఉండటంవల్ల మెదడుకి గాలి చాలలేదన్నారు. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది. అన్నం గొట్టంలోంచి. ఫోన్లో పాట పెడితే కనురెప్ప కూడా కదలదు. క్యాసెట్టు పెట్టినా అంతే.

*

విశాఖ వెళ్ళి డాక్టర్ నళినీకాంత్ కాలర్ పట్టుకుందామనుకున్నాను. ఆయన కారు ఎక్కుతుంటే అడ్డం నిలబడ్డాను. రెండు సెకన్లలో దానంతట అదే మొదలవుతుందన్న మాట ఏమైందని అడిగాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మొదలవ్వాలి. అంతకుముందు రోజు కొత్త అప్‌డేట్ వచ్చింది. ఆ ప్రశ్న అడగడం కంపెనీవాళ్ళు పెట్టారు. నాకు తెలీదు, తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు." ఫోను తీసి ఏదో చూశాడు. "పాట ఆగింది పన్నెండు ముప్పై నాలుగుకి. ఆగడానికి కారణం ఒక కాల్. ఆ ఫోనుకి ఒక్క నంబరే తెరిచి ఉంది. ఒక్క రింగు వచ్చి ఆగిపోయింది. ఎవరిదో నీకు నేను చెప్పాలా?"

ఆ సంగతి నేను పైన రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఆంప్లిఫయర్ విప్పి, పన్నెండున్నర దాటడం చూసి, ఆకలేసి, కుడిచేత్తో టంకం కడ్డీ పట్టుకుని ఎడంచేత్తో ఫోను తీసి ఒక్క రింగు ఇచ్చి కట్ చేశాను. చేసినట్టు కూడా నాకు తెలీదు. పదిహేనేళ్ళు అదే వేలు అదే పని చేసింది. ఒంటిగంటకి, చేస్తే పాట ఆగుతుందని గుర్తొచ్చి మానుకున్నానే, అప్పటికి పని అయిపోయింది.

ఆ మేడ గేటు బయట గోడవారన కూర్చుంటే హైమావతి వచ్చింది. ఉద్యోగం మానేశానంది.

"బాబాయిగారూ, ఫోన్లోకి వెళ్ళింది ఉత్త పాటేనండి. తొమ్మిది నెలలు ఆవిడ ఎలా నడిచారో అదంతా పెట్టెలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఫోను నేర్చుకుందామన్నా ఆవిడ కదలరు కదా. ఆవిడ లెక్క తెలిసిన పెట్టె చెవిలో పెడితే ఏమైనా ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నానండి, ఉంటుందనట్లేదు."

"పెట్టెలు ఎక్కడున్నాయి?"

"తుక్కుకి వేసేశారు."

తుక్కు వ్యాపారి పేరు జానీ బాషా. గాజువాక వైపు రేకుల షెడ్డు. నాలుగు గోనెమూటలు చూపించాడు. పైడొప్పలు ఊడదీసి ఒక మూటలో, లోపలి బోర్డులు మూడు మూటల్లో వేశాడు.

"ఇవి పిండి చేసి కాయితం రాసివ్వమన్నారు కంపెనీవాళ్ళు. బయటికి పోయిందని తెలిస్తే నా లైసెన్సు పోద్ది, షెడ్డు పోద్ది. నా షెడ్డు ఖరీదు ఇవ్వగలవా బాబూ?"

డొప్పల మూటలో చెయ్యి పెట్టి కెలికాను. మోచేతిదాకా పెట్టాను. ఒక డొప్పకి ఎర్రటి రికార్డు మీట ఉంది. ఆమె బోర్డు ఇక్కడే ఉందన్నమాట. నా మొహం చూసి జానీ బాషా తన ధర ఇంక ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

చేను తాయారు పేరున ఉంది. పక్క చేను రైతు కాయితాలు పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఆమె బొటనవేలు సిరాలో నేనే ముంచాను, నేనే నొక్కాను. వేలు వెచ్చగా ఉంది. ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఏం చేస్తున్నానో చెప్పాను. వినిపించిందో లేదో.

*

మూటలు ఇంటికి తెచ్చి మంచం పక్కనే బల్ల వేసుకున్నాను. ఏ బోర్డు ఎవరిదో పైకి తెలీదు. ఒక్కొక్కదానికీ బయటినుంచి కరెంటిచ్చి, ఇయర్‌ఫోను తగిలించి వినాలి. చాలావరకు తుప్పుపట్టి మూగబోయాయి. పలికినవాటిలో సినిమా పాటలు, భజనలు, నాకు తెలియని భాషల్లో జోలపాటలు, ఒకదాంట్లో బడిపిల్లల ప్రార్థన. ప్రతిదీ ఎవరిదో నడక. ఎవరో ఎక్కడో ఏదో మెట్టు దగ్గర భయపడిన సంగతి దాంట్లో ఉంది. వాళ్ళు ఇప్పుడు ఏ వంతెనమీద నిలబడి ఉన్నారో. వినడం, పక్కన పడెయ్యడం, ఇంకోటి తియ్యడం. దుకాణం తెరవలేదు.

పదిహేడో రోజు పొద్దున్న ఒక బోర్డులో బురదలో కాళ్ళ చప్పుడు వినబడింది. తరవాత ఇరవై ఏళ్ళ తాయారు గొంతు.

ఆ బోర్డుకి తీగలు టంకం పెట్టాను. బిళ్ళ ఆమె చీలమండకి అంటించాను. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టాను. మీట లేదు కాబట్టి రెండు తీగలు కలిపి పట్టుకున్నాను.

మొదట ఏమీ లేదు. తరవాత దుప్పటి కింద ఏదో కదిలింది. దుప్పటి తీశాను. కుడికాలి బొటనవేలు లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. నాకు పాట వినబడట్లేదు, కానీ ఆ వేలు చూస్తే పాట ఎక్కడుందో తెలుస్తోంది. ఊపిరి నిండుగా తీసుకుంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేసి, ఆమె మొహం చూశాను. కళ్ళు గుమ్మం వైపు ఉన్నాయి.

"తాయారూ, కేరేజీ అక్కర్లేదే. ఊరికే లే," అన్నాను.

పాట ఒకసారి పూర్తయి మళ్ళీ మొదలైంది. రెండోసారి ముసలాయన దగ్గే చోటికి వచ్చేసరికి నా వేళ్ళ దగ్గర బోర్డు కాలిన వాసన వచ్చింది. బొటనవేలు లేచింది, మళ్ళీ దిగలేదు. తీగలు విడదీసి కలిపాను. వేరే తీగలు పెట్టాను. కాయితంతో తుడిచాను, ఊదాను, నాకు తెలిసిన పనులన్నీ చేశాను. సాయంత్రం దాకా చేశాను. ముప్పై ఏళ్ళలో నేను బాగుచెయ్యలేనని వెనక్కి ఇచ్చినవి చాలా ఉన్నాయి. దీన్ని ఇవ్వడానికి ఎవరూ లేరు.

ఆ వేలిని నేనే చేత్తో కిందికి దించాను.

నళినీకాంత్ గారికి మొన్న ఏదో బహుమానం వచ్చిందట. ఫోటోలో తాయారు ఇంకా వరండాలో నడుస్తూనే ఉంది. నా ఫోను కాలవలో పారేశాను.

పాట ఒకసారి పూర్తిగా, రెండోసారి దగ్గుదాకా. మొత్తం ఐదు నిమిషాల యాభై రెండు సెకన్లు. దానికి పోయింది తాయారు ఆ పాట పాడిన చేనే. అరవై ఎనిమిది సెంట్లు.